జాంగలము, మరుభూమి: కల్పితక్రీడలలో దేశకల్పన - ములుగు అడవి నిదర్శనముగా

ములుగు ప్రాంతమునుండి వచ్చి చదువుకొనుచున్న విద్యార్థి యొకడు కొన్ని నెలల క్రిందట ఒక పటమును తెచ్చి నా బల్లపై పఱచెను. అది చేతితో గీసిన భూపటము. ఎడమవైపున ఇసుకతిన్నెలు, ఒంటెలు, శిథిలమైన నగరము. కుడివైపున చిక్కని అడవి, కొబ్బరిచెట్లు, అరటితోపులు, ఊడలు వ్రేలాడు మహావృక్షములు, మొసళ్ళతో నిండిన బురదనేల. అడవి నడుమ ఒక గుట్ట, గుట్టలో గుహ, గుహలో నిధి. ఆ గుట్టకు చిలుకలగుట్ట యని పేరు వ్రాసియుండెను.

"గురువుగారూ, ఇది మేము ఆడుకొను ఆటకు కల్పించిన లోకము. దీనికి తెలుగులో ఏ మాట వాడవలయునండీ?" అని అతడు అడిగెను. సమాధానము చెప్పుటకు ముందు నేను రెండు ప్రశ్నలు వేసితిని. తాడ్వాయి అడవిలో కొబ్బరిచెట్టును ఎన్నడైనను చూచితివా? చిలుకలగుట్టలో నిధి యున్నదని నీకు ఎవరు చెప్పిరి? అతడు రెండింటికిని బదులు చెప్పలేదు. ఈ వ్యాసము ఆ రెండు ప్రశ్నలనుండి పుట్టినది.

విషయపరిచయము లేని పాఠకుల కొఱకు ఆ క్రీడను గూర్చి కొంత చెప్పవలసియున్నది. నలుగురైదుగురు బల్లచుట్టును కూర్చుందురు. వారిలో ఒకడు సూత్రధారుడు. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. సూత్రధారుడు సన్నివేశమును వర్ణించును. పాత్రధారులు తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలము సందేహాస్పదమైనచోట పాచిక వేయుదురు. ఇరువది ముఖములు గల పాచికయు ఇందు కలదు. గెలుపోటములు ప్రధానములు కావు. కథ సాగుటయే ప్రధానము. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతికి ఆదిగ్రంథము. దీనిని పాత్రధారణక్రీడ యని పిలువవచ్చును. పచ్చీసు, వైకుంఠపాళి మున్నగు మన ఆటలలో పటము ముందే గీయబడియుండును. పావు గడులలో నడచును. ఇందు గడులకంటె మాట ముఖ్యము. ఆ మాట ఏ నేలపై నడచునో తెలుపుటకు ఆ ఆటగాండ్రు ఒక పుస్తకము వ్రాసికొందురు. ఆ నేలకు, దాని జలవాయువులకు, జనులకు, ఆచారములకు కలిపి మన శాస్త్రములలోని పాత మాటయే చాలును: దేశము. దేశకాలపాత్రములను త్రయములో పాత్ర మొకటి వారికి ఎట్లును కలదు. దేశము లేనిది పాత్ర నిలువదు.

ఈ క్రీడాగ్రంథములలో ఉష్ణమండలమునకు సంబంధించిన దేశములు ప్రధానముగా రెండు మూసలలో కన్పట్టుచున్నవి. ఒకటి జంగిల్, రెండవది డెజర్ట్. 1981లో వెలువడిన 'ది ఐల్ ఆఫ్ డ్రెడ్' అను కథాపుస్తకము మొదటి మూసకు ప్రసిద్ధోదాహరణము: సముద్రమధ్యమున దట్టమైన అడవితో కప్పబడిన ద్వీపము, దానిలో ప్రాచీనజంతువులు, నడుమ మరచిపోబడిన దేవాలయము. తరువాత చల్ట్ అను పేర కల్పింపబడిన అరణ్యభూమియు ఈ మార్గముననే నడచినది. దానిని ఆధారము చేసికొని 2017లో ఒక బృహత్కథాగ్రంథము వెలువడెను. రెండవ మూసకు 1992లో ప్రకటితమైన అల్ ఖదీమ్ నిదర్శనము. అది అరేబియా రాత్రుల కథల నేల. 1991 నాటి డార్క్ సన్ మాత్రము వేఱు తెఱగుది. దానిని గూర్చి ముందు చెప్పెదను.

ఇక మాట సంగతి. ఆంగ్లమున జంగిల్ అనిన వెంటనే తడి, చీకటి, తీగలు, బురద మనసునకు వచ్చును. ఆ మాట మనదేశమునుండియే హిందీ జంగల్ ద్వారా పదునెనిమిదవ శతాబ్దిలో వారికి చేరినది. దాని మూలము సంస్కృత జాంగల శబ్దము. అయితే జాంగలమనగా దట్టమైన తడి అడవి కాదు. సరిగా దానికి విపర్యయము. ఆయుర్వేదగ్రంథములు భూమిని మూడు విధములుగా విభజించినవి: జాంగలము, ఆనూపము, సాధారణము. చరకసంహిత కల్పస్థానము ప్రథమాధ్యాయమునందును, సుశ్రుతసంహిత సూత్రస్థానమునందును ఈ విభాగము వివరింపబడినది. జాంగలము అల్పజలమైన పొడినేల. అక్కడ ఆకాశము విశాలముగా కనుపించును; ఎండమావులు తోచును; లావుక, తిత్తిరి, చకోరపక్షులు తిరుగును; మనుష్యులు దృఢమైన కఠినశరీరము గలవారు; వాతపిత్తములు అధికములు. ఆనూపమనగా నదీసముద్రతీరముల తడినేల. హింతాల, తమాల, నారికేళ, కదళీవృక్షములు దాని గుర్తులు; హంసచక్రవాకములు దాని పక్షులు; మనుష్యులు సుకుమారులు; కఫవాతములు అధికములు. ఈ రెండింటి లక్షణములు కలిసినది సాధారణదేశము. కురుజాంగలము అను జనపదనామములో ఈ పాత అర్థమే నిలిచియున్నది. ఫ్రెంచి పండితుడు ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్ 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ అర్థవైపరీత్యమును విపులముగా చర్చించెను. పొడినేల పేరు తడి అడవికి ఎట్లు అంటుకొనెనో తెలిసికొనగోరువారు దానిని తప్పక చదువవలయును.

చరకుడు జాంగలమునకు చెప్పిన వృక్షముల పట్టికను చేతబట్టుకొని ములుగునుండి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారము వఱకు పోయినచో ఒక వింత కన్పట్టును. ఖదిరము మన చండ్ర. తిందుకము మన తునికి. ఎండకాలమున బీడీల కొఱకు ఆకు కోయు చెట్టు ఇదియే. సల్లకి అందుగు. బదరి రేగు, ఆమలకి ఉసిరి, కకుభము మద్దిజాతి. గోదావరి కీవల నున్న ఈ అడవిలో ఇవి నేటికిని కలవు. టేకు, వెదురు, ఇప్ప వీనికి తోడు. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణమండలపు శుష్క ఆకురాల్చు అడవియని వర్గీకరింతురు. కావున ములుగు అడవి ఆంగ్లార్థమున జంగిల్ కాదు. చరకార్థమున అచ్చమైన జాంగలము. నా విద్యార్థి పటములోని కొబ్బరియు అరటియు ఆనూపవృక్షములు. అతడు తాను పుట్టిన అడవిని గీయబోయి, ఎవరో దూరదేశీయుడు ఊహించిన ద్వీపమును గీసినాడు. ఇది అతని దోషమని నేననను. అతడు చదివిన పుస్తకములలో అడవి యనగా అట్లే యున్నది. మన పాఠ్యపుస్తకములందలి బొమ్మలును ఇంతకంటె మేలుగా లేవు.

ఈ త్రివిధవిభాగము క్రీడకు ఉపకరించునా యను ప్రశ్నకు, మిక్కిలి ఉపకరించునని నా సమాధానము. వైద్యుడు నేలను అందముకొఱకు వర్ణింపలేదు. ఏ నేలలో పుట్టిన ఓషధికి వీర్యమెంత, ఏ నేలలో బ్రదుకువానికి ఏ రోగము వచ్చును, ఏ మాంసము లఘువు, ఏది గురువు అను కార్యకారణసంబంధమును చెప్పుటకై వర్ణించెను. ఓషధులను సాధారణ, జాంగలదేశములనుండి సేకరింపవలయునని కల్పస్థానమే విధించుచున్నది. ఇట్టి సంబంధములే క్రీడాసూత్రములకు ఆధారములు. ఆనూపవాసియైన పాత్ర జాంగలమునకు వచ్చినచో దేహమేమగును? గాయమును మాన్పు మూలిక ఏ గుట్టవాలున దొరకును? సూత్రధారుడు ఈ ప్రశ్నలకు పాచిక వేయనక్కఱలేదు; నేలయే సమాధానము చెప్పును.

కావ్యములందును నేల కథను నడపిన సందర్భము లున్నవి. మనుచరిత్రమున ప్రవరుని పాదలేపము హిమాలయమున కరగిన మంచునీటికి కొట్టుకొనిపోయినది. ఆ మంచు లేనిచో అతడు మధ్యాహ్నమునకు ఇల్లు చేరును, కథయే లేదు. మాయామహిమకు హద్దు గీసినది ఆ నేలయే. పెద్దన ఈ ఆటల సంగతి ఎఱుగడు గాని, ఎఱిగినవారికంటె చక్కగా దాని మర్మము పట్టినాడు.

మరుభూమి విషయమునకు వత్తము. అమరకోశము భూమివర్గమున మరు, ధన్వ శబ్దములను సమానార్థకములుగా చెప్పినది. ఇది నేల పేరు. కాని కాంతారశబ్దమునకు ఆ కోశమే దుర్గమమైన మార్గమను అర్థమిచ్చినది. దూరమై శూన్యమైన దారికి ప్రాంతరమని వేఱొక పేరు. అనగా కాంతారము భూపటముపై రంగువేసి చూపదగిన ప్రదేశము కాదు. దానిని దాటువాని దృష్టిలో పుట్టిన మాట. బాటసారి లేనిదే కాంతారము లేదు. ఈ సూక్ష్మము క్రీడకు ఎంత ముఖ్యమో జాతకకథలను చదివిన తెలియును.

పాళీజాతకములలో మొదటిదైన అపణ్ణకజాతకమున కాంతారము అయిదు విధములని చెప్పబడినది. దొంగల భయము గలది, క్రూరమృగములు గలది, నీరు లేనిది, అమానుషభూతములు తిరుగునది, తిండి దొరకనిది. నేల స్వరూపమునుబట్టి గాక అపాయస్వభావమునుబట్టి చేసిన ఈ విభాగమును చూచి నాకు ఆశ్చర్యము కలిగినది. నేటి క్రీడాగ్రంథములందలి పట్టికలు చేయునది ఇదియే గదా! ఆ కథయు అట్టిదే. ఇరువురు వర్తకులు అయిదేసివందల బండ్లతో అఱువది యోజనముల నిర్జలకాంతారమును దాటవలయును. ముందుపోయిన అవివేకికి యక్షుడొకడు ఎదురగును. యక్షుని పరివారము తడిబట్టలతో, కలువపూలతో, చక్రములకు బురద అంటిన రథముతో వచ్చి, ముందు వాన కురియుచున్నదని, నీటికుండల బరువు వృథా యని చెప్పును. వర్తకుడు కుండలు పగులగొట్టించును. ఆ రాత్రియే అందఱు నశింతురు. వెనుక వచ్చిన బోధిసత్త్వునకును అదే యక్షుడు అదే మాట చెప్పును. అతడు తనవారిని కొన్ని ప్రశ్నలడుగును. వానగాలి ఎంతదూరము వీచును? మేఘము ఎంతదూరమునకు కనబడును? మెఱపు, ఉఱుము మీలో ఎవరికైన తోచినవా? ఎవరికిని తోచలేదు. కాన వాన లేదు; నీరు పారబోయరాదు.

ఇందు కత్తి లేదు, మంత్రము లేదు. యక్షుని కపటమును ఛేదించినది గాలినిగూర్చిన ఎఱుక. బల్లచుట్టు కూర్చుండిన పాత్రధారులకు ఇంతకంటె మంచి పరీక్షను ఏ సూత్రధారుడు పెట్టగలడు? బురద అంటిన చక్రములు ఒకవైపు, మేఘము లేని ఆకాశము మఱియొకవైపు, ఏది నమ్మవలయును? రెండవ జాతకమైన వణ్ణుపథజాతకములోను అఱువది యోజనముల ఇసుకయే. అక్కడ పగలు నేల నిప్పువలె నుండుటచే బిడారు రాత్రులందే నడచును; నక్షత్రములను చూచి దారి చెప్పువాడు ఓడకు చుక్కానిపట్టువానివంటివాడు. అతడు నిద్రపోవుటచే ఎద్దులు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చును. నీరు అయిపోయిన స్థితిలో గడ్డిదుబ్బు మొలచిన చోట త్రవ్వగా రాయి తగులును. నిరాశపడక దానిని పగులగొట్టగా నీరు ఉబుకును. గడ్డి మొలచినచో అడుగున తడి యుండవలెనను అనుమానప్రమాణమే ఇచట రక్షకము. మన పల్లెలలో ఎండకాలమున వాగు ఇసుకలో చెలమ త్రవ్వువారు నేటికిని చేయుచున్న పని ఇదియే.

ఆంధ్రతెలంగాణములలో ఇసుక ఎడారి యనదగినది లేదు. అనంతపురము ప్రాంతమున హగరి తీరపు ఇసుకమేటలు కొంత ఆ పోలిక చూపును, అంతే. మఱి ములుగువాడైన కల్పకునకు మరుభూమితో పనియేమి? ఇచట తమిళ లాక్షణికుల మాట మనకు తోడ్పడును. వారు దేశమును కురింజి, ముల్లై, మరుదము, నెయ్దల్, పాలై అని అయిదు తిణైలుగా విభజించిరి. కొండ, అడవి, పొలము, సముద్రతీరము మొదటి నాలుగు. అయిదవదియైన పాలై ఎండిన నేల. కాని అది వేఱుగా నొక ప్రదేశము కాదు. కొండయు అడవియు వేసవి తాపమునకు తమ స్వభావమును కోల్పోయినపుడు పాలైరూపమును తాల్చునని శిలప్పదికారకర్త చెప్పెను. అనగా ఎడారి ఒక అవస్థ. నిన్నటి అడవియే నేటి ఎడారి.

ఈ మాట నిజమగుట ములుగులో కన్నులార చూడవచ్చును. ఫాల్గునమున ఆకు రాలుట మొదలై, వైశాఖమునాటికి తునికి, మద్ది, టేకు మోడులై నిలుచును. దూరమువఱకు చూపు ఆనును. చరకుడు చెప్పిన విశాలాకాశము అప్పుడు కనుపించును. వాగులు ఇసుకదారులగును. ఆషాఢశ్రావణములలో ఆ చోటనే పది బారల దూరము కనబడదు. 2023 జూలై 26, 27 తేదీలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయినది. జంపన్నవాగు పొంగి కొండాయి మున్నగు గూడెములను ముంచివేసినది, ప్రాణనష్టమును కలిగినది. 2024 ఆగస్టు చివర తాడ్వాయి, మేడారముల నడుమ పెనుగాలికి వేలకొలది చెట్లు ఒక్క పూటలో నేలకొరగినవి. నా విద్యార్థి పటమును అడ్డముగా రెండు ముక్కలు చేసి, ఒకవైపు ఎడారి, మఱియొకవైపు జంగిల్ ఉంచెను. అతని ఊరి నేల ఆ రెండింటిని పండ్రెండు నెలలలో తానే చూపుచున్నది. దేశమును స్థలమునుబట్టి కాక ఋతువునుబట్టి విభజించినచో ఒక్క పటము చాలును. చైత్రమున దాటిన వాగును పాత్రలు శ్రావణమున దాటలేరు.

మూడవదియైన సాధారణదేశమును మఱువరాదు. ఓరుగల్లు రాజ్యము జాంగలమును సాధారణముగా మార్చుటకు చేసిన ప్రయత్నమే రామప్ప, లక్నవరము చెరువులు. పాలంపేటలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయమును 2021లో యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చినది. చూడవచ్చువారందఱు శిల్పమును చూచి పోవుదురు. చెరువుకట్టను, తూమును, మత్తడిని చూచువారు తక్కువ. గుడికి ధాన్యమిచ్చినది ఆ తూము. కల్పితరాజ్యమును నిర్మించువాడు కోట ఎచట కట్టవలయునని ముందుగా ఆలోచించును. తూము మీట ఎవని చేతిలో నున్నది, మత్తడి తెగిన యేట ఎవరు బాధ్యులు అని ఆలోచించినచో అతనికి పది కథలు దొరకును.

డార్క్ సన్ అను క్రీడాదేశము వేఱు తెఱగుదని పైన చెప్పితిని. అందలి ఏథాస్ లోకము సహజముగా ఎడారి కాదు. మాంత్రికులు తమ శక్తికై మొక్కల ప్రాణమును పీల్చివేయగా నేల బూడిదయైనది. లోహము దుర్లభము, నీరు అమూల్యము. ఎడారికి కర్త కలడు, దోషము కలదు. ఆంగ్లక్రీడాగ్రంథములలో పాలై భావమునకు మిక్కిలి చేరువయైనది ఇదియే యని నా అభిప్రాయము. భాషాశాస్త్రవేత్తయు ఉర్దూ ఆచార్యుడునైన ఎం.ఏ.ఆర్. బార్కర్ 1975లో ప్రకటించిన టేకుమెల్ లోకమును గూర్చియు భాషోపాధ్యాయులు తెలిసికొనదగును. ఉష్ణదేశమైన ఆ లోకమునకు ఆయన వ్యాకరణముతో, లిపితో కూడిన భాషనే కల్పించెను. అయితే ఆయన మారుపేరుతో జాతివిద్వేషపూరితమైన నవల వ్రాసినట్లు ఆయన కల్పనలను సంరక్షించు సంస్థయే 2022లో వెల్లడించెను. పరదేశభాషలు నేర్చినంత మాత్రమున ఇతరజనులయెడ గౌరవము కలుగుననుట కల్ల.

గౌరవమను మాట వచ్చినది కనుక రెండవ ప్రశ్నకు వత్తును. ఈ క్రీడాగ్రంథములలో అడవియు ఎడారియు సాధారణముగా వెలుపలివాడు వచ్చి వెదకి కొల్లగొట్టు చోట్లు. అచటి జనులు దారిచూపువారు, మోతగాండ్రు, లేదా శత్రువులు. 2020లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురణకర్తలే తమ పాతపుస్తకములలో జాతివిషయకమైన అపచారములున్నవని ఒప్పుకొని, మఱల అమ్ముచున్న ప్రతులకు హెచ్చరికను చేర్చిరి. ఇది వారి దోషము మాత్రమే యని మనము నిశ్చింతగా నుండరాదు. దండి మహాకావ్యమునకు చెప్పిన వర్ణనములను తలచుకొనుడు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ... ఉద్యానము కలదు, అడవి లేదు, మరువు లేదు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని యాస్థానమున కూర్చుండి ప్రతాపరుద్రీయమును రచించిన విద్యానాథుడు సహితము దండి మార్గమునే అనుసరించెను. నగరప్రాకారము దాటి రెండు మూడు దినములు నడచినచో మహారణ్యము; అయినను లక్షణములో దానికి చోటు లేదు. తరువాతి విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వనమును, వేటను చేర్చెను. వేటతో జతగా వచ్చిన వనము ఎవరి దృష్టినుండి చూడబడినదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

బాణుడు కాదంబరిలో వింధ్యాటవిని, శబరసేనను వర్ణించిన తీరు అద్భుతము. కాని ఆ శబరులు చిలుకపిల్లలకు మృత్యువులు. ధూర్జటి తిన్ననిని బోయపల్లెలోనే పెంచి, వాని మాటలలో, వాని వేటలో వానిని చూపి, చివరకు శాస్త్రజ్ఞుడైన అర్చకునకంటె ఎత్తున నిలిపెను. కాళహస్తీశ్వర మాహాత్మ్యమందలి ఆ భాగమును పాఠము చెప్పునపుడు భక్తిని గూర్చి మాత్రమే చెప్పి ముగింతుము. అడవిని లోపలినుండి చూచుట ఎట్లో నేర్పు గ్రంథముగా దానిని చదివించినవారు అరుదు. నేనును ఇన్నేండ్లు చదివింపలేదని ఒప్పుకొనవలసియున్నది.

ములుగు అడవిని లోపలినుండి చెప్పిన కథ సమ్మక్కసారలమ్మల కథ. అది గ్రంథస్థకావ్యము కాదు. కోయల పాటలలో, పూజారుల నోళ్ళలో నిలిచినది, పాఠభేదములు అనేకములు. జనశ్రుతి ననుసరించి సమ్మక్క పులుల నడుమ దొరకిన శిశువు. కరువు వచ్చెను. మేడారపు పగిడిద్దరాజు ఓరుగల్లునకు కప్పము కట్టలేకపోయెను. సేనలు వచ్చెను, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో కూలిరి, జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణము విడువగా ఆ వాగు జంపన్నవాగైనది. సమ్మక్క గాయపడి చిలుకలగుట్టవైపు పోయి అదృశ్యమయ్యెను. వెదకినవారికి చెట్టుక్రింద కుంకుమభరణి మాత్రమే కనబడినది. కథాదేశమును గమనింపుడు. యుద్ధమునకు మూలకారణము వాన లేకుండుట. అడవి పాలైగా మారిన యేట, చెరువులు గల సాధారణదేశపు రాజు జాంగలదేశపు జనులను పన్ను అడిగెను. మూడు దేశముల మధ్య జరిగిన సంఘర్షణగా దీనిని చదువవచ్చునని నా ప్రతిపాదన. ఇది చరిత్రనిర్ణయము కాదు. కథ తనలోని నేలను ఎట్లు అమర్చుకొన్నదో చూపుట మాత్రమే.

రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జాతర జరుగును. కన్నెపల్లినుండి సారలమ్మను, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును, కొండాయినుండి గోవిందరాజును, చిలుకలగుట్టనుండి సమ్మక్కను కోయపూజారులు గద్దెలకు తెత్తురు. భక్తులు బంగారమని పిలుచుచు సమర్పించునది బెల్లము. ఇట్టి గుట్టలో గుహను త్రవ్వి, గుహలో నిధిని ఉంచి, దానికి కావలిగా ఒక రాక్షసిని కూర్చుండబెట్టి, పాచికవేసి చంపించుట ఆటయే కావచ్చును. కాని అది బ్రదికియున్న వారి దేవత నివాసము. కథలో సైనికులు చేయలేనిదానిని ఆటలో మనము చేయుచున్నాము. ప్రాచీన ఈజిప్టు సమాధిని క్రీడలో త్రవ్వినవానికి ఎదురాడువారు లేరు. చిలుకలగుట్ట విషయము అట్లు కాదు. జవాబు చెప్పగలవారు మేడారములో నున్నారు.

మఱి ఇట్టి కథలు క్రీడకు పనికిరావా యని కొందఱు అడుగవచ్చును. అడవిని విడిచిపెట్టి కొబ్బరిద్వీపములనే ఆడుకొనుమనుట నా అభిమతము కాదు. పేర్లను, దేవతలను విడిచి అమరికను గ్రహింపవచ్చును. కరువు, కప్పము, ఎండిన వాగు, ఎవరి తూము ఎవరికి నీరిచ్చునను వివాదము, గుట్టమీదికి పోవుటకు అధికారమెవరికను ప్రశ్న, ఇవి ఎవరి సొత్తును కావు. పాత్రధారులు వెలుపలినుండి వచ్చిన సాహసికులుగా గాక గూడెమువారుగానే మొదలిడినచో అడవి వారికి వింతప్రదేశము కాదు. ఏ చెలమ చైత్రము దాటి నిలుచునో వారికి తెలియును. అపుడు కాంతారమనునది కప్పము వసూలునకు వచ్చిన సైనికునకే. ఈ ఒక్క మార్పు చేసి ఆడిచూడుమని విద్యార్థికి చెప్పితిని.

గతమాసమున అతడు మఱల వచ్చెను. పటము ఇప్పుడు ఒక్కటియే. దానిపై పఱచుటకు పలుచని కాగితములు రెండు, ఒకటి వైశాఖమునకు, ఒకటి శ్రావణమునకు. కొబ్బరిచెట్లున్నచోట తునికి, ఇప్ప వ్రాసెను. శిథిలనగరము పోయి చెరువుకట్ట వచ్చెను. గుట్ట ఉన్నది గాని దానికి పేరు లేదు, లోపల గుహయు లేదు. ఆటలో ఎవరును దానిని ఎక్కరాదని నియమము పెట్టుకొన్నారట. తన అవ్వ వాగులో చెలమలు త్రవ్వెడి చోట్లను చెప్పగా గుర్తించుకొని వచ్చితినని ఏడు చుక్కలు చూపెను. ఒంటెలు మాత్రము ఇంకను ఒక మూలన నిలిచియున్నవి. వానిని తీసివేయుటకు మిత్రులు ఒప్పుకొనలేదని చెప్పెను.